గంగ ఒడ్డున పాత బొమ్మలు: గీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు?

పాతకాలపు కాశీ బొమ్మ ఏదైనా చేతికి దొరికితే ముందు పంచగంగ ఘాట్ ఎక్కడుందో వెతకండి. ఆ ఘాట్ పైన ఔరంగజేబు కాలంలో కట్టిన మసీదుకు ఒకప్పుడు సన్నగా, బాగా ఎత్తుగా రెండు మినార్లు ఉండేవి. నది మీద వచ్చేవాళ్లకు దూరం నుంచి కాశీ వచ్చిందని చెప్పేవి అవే. 1948లో వాటిలో ఒకటి కూలిపోయింది. రెండోది కూడా పడిపోతుందేమోనన్న భయంతో తరువాత దాన్నీ దించేశారు. కాబట్టి రెండు మినార్లూ నిలబడి ఉన్న ఫొటో 1948కి ముందుదే అయి ఉండాలి. ఇప్పుడు మాలవీయ వంతెన అని పిలుస్తున్న రైలు వంతెనను 1887లో తెరిచారు కనుక అది కూడా కనిపిస్తే ఆ ఫొటో ఈ రెండు తేదీల మధ్యది. ఈ మాత్రం పరీక్ష కూడా పెట్టకుండా ‘అయిదు వందల ఏళ్ల నాటి కాశీ అరుదైన ఫొటో’ అంటూ ఎన్ని బొమ్మలు మన ఫోన్లలోకి వచ్చి పడుతున్నాయో! ఫొటో తీసే విద్య లోకానికి వెల్లడైందే 1839లో.

తేదీ తేల్చడం నిజానికి తేలిక పని. ఆ బొమ్మలో కనిపిస్తున్న నదీతీర జీవితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే అసలు చిక్కు. గంగ మీద గత రెండున్నర శతాబ్దాల్లో వచ్చినన్ని బొమ్మలు మన దేశంలో మరే నది మీదా రాలేదేమో. రాగిరేకుల మీద అచ్చులు, నీటిరంగు చిత్రాలు, అభ్రకం రేకుల మీద వేసిన చిన్న బొమ్మలు, గాజు పలకల మీద ఫొటోలు, పోస్టుకార్డులు, కోడాక్రోమ్ రంగుల ఫిల్ము పటాలు, ఇలా లెక్కలేనన్ని. వాటన్నిటినీ ఒక గాటన కట్టి ‘ఆనాటి జీవితం’ అనేస్తే పొరపాటు చేసినట్టే. గీసినవాడి కాళ్లు ఎక్కడున్నాయి, డబ్బు ఎవరిచ్చారు, చేతిలోని పనిముట్టు దేన్ని పట్టగలదు అన్నవి తెలియకపోతే బొమ్మ సగమే కనిపిస్తుంది.

మొదట కాళ్ల సంగతి. ఆ బొమ్మల్లో చాలావాటికి కాళ్లు నేల మీద లేవు, పడవలో ఉన్నాయి.

రైలు రాకముందు కలకత్తా నుంచి పైకి పోవాలంటే గంగే రాజమార్గం. ఏటికి ఎదురు పోయే బజ్రా అనే గదుల పడవ కాశీ చేరడానికి రెండు నెలలు దాటేది. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే కళాసులు ఒడ్డుకు దిగి, పొడవాటి తాడు భుజాన వేసుకుని, వరసగా ముందుకు వంగి, బురదలో, ముళ్లపొదల్లో నడుస్తూ పడవను లాగేవారు. కాగితం, కుంచె పట్టుకుని కూర్చున్న దొర ఆ పడవ పైకప్పు మీద, గొడుగు నీడలో ఉండేవాడు. ఆయనకు ఒడ్డు మెల్లగా, తీరిగ్గా, ఒక పక్కగా జరిగిపోతూ కనిపించేది. ఘాట్ల బొమ్మలన్నీ నది మధ్య నుంచి చూసినట్టు ఉండటానికి కారణం ఇదే. రాతిమెట్లు అంతస్తులు అంతస్తులుగా లేస్తాయి, పైన గోపురాలు, కింద నీళ్లు, మధ్యలో చీమల్లా మనుషులు.

స్నానానికి వచ్చినవాడికి కాశీ ఇలా కనిపించదు. సందుల్లో నడిచి, ఊరికి వీపు పెట్టి, మెట్లు దిగుతాడు. ఎదురుగా ఉండేది నీళ్లు, ఆవలి గట్టున ఇసుక, ఉదయించే సూర్యుడు. ఊరంతా పడమటి గట్టునే ఉంది. తూర్పు గట్టు వరదకు మునిగే ఇసుక మేట. లక్షలాది భక్తులు ప్రతిరోజూ చూసే ఆ తూర్పు దృశ్యాన్ని గీసినవాళ్లు ఎంత తక్కువో గమనిస్తే, మనం ‘కాశీ’ అనుకుంటున్న రూపం ఎవరి చూపో అర్థమవుతుంది.

ఆ చూపును స్థిరపరచిన వారిలో మొదటివాడు విలియం హాడ్జెస్. ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ రెండో సముద్రయాత్రలో చిత్రకారుడిగా పసిఫిక్ అంతా తిరిగి వచ్చినవాడు. 1780లో మద్రాసులో దిగి, మరుసటి ఏడు బెంగాలు చేరి, గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ పరివారంతో పాటు గంగ మీద పైకి వెళ్లాడు. 1781 ఆగస్టులో కాశీలో ఏం జరిగిందో చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఈస్టిండియా కంపెనీ అడిగిన అదనపు సొమ్ము విషయంలో తగవు వచ్చి హేస్టింగ్స్ కాశీ రాజు చైత్ సింగ్‌ను శివాలా ఘాట్ కోటలో నిర్బంధించాడు. రాజుగారి మనుషులు తిరగబడి కాపలా ఉన్న సిపాయిలను నరికారు. రాజు తలపాగాలు ఒకదానికొకటి ముడేసి, నది వైపు కిటికీలోంచి కిందికి దిగి, పడవెక్కి తప్పించుకున్నాడు. హేస్టింగ్స్ రాత్రికి రాత్రి చునార్ కోటకు పారిపోయాడు. హాడ్జెస్ కూడా ఆ పారిపోయినవాళ్లలో ఒకడు.

ఇక అతను గీసిన కాశీ ఘాట్లు చూడండి. మెత్తని వెలుగు, నిశ్చలమైన నీళ్లు, విశ్రాంతిగా నిలబడ్డ పడవలు. ఆ మెట్ల మీదే కొద్ది వారాల క్రితం, లేదా కొద్ది వారాల తరువాత, రక్తం పారిందన్న జాడ ఎక్కడా ఉండదు. అబద్ధం గీశాడని నేను అనను. అప్పటి ఇంగ్లండులో ప్రకృతి దృశ్యమంటే ఇలా ఉండాలని ఒక కొలత ఉండేది: ముందు నీడ, మధ్యలో వెలుగు, దూరంగా పొగమంచు, ఒక మూల శిథిలం, దాని పక్కన కొలతకోసం ఒకరిద్దరు మనుషులు. గంగ ఆ కొలతలో సరిగ్గా ఇమిడింది. రాజకీయం ఇమడలేదు.

అతని తరువాత వచ్చిన థామస్ డానియెల్, ఆయన సోదరుడి కొడుకు విలియం ఇంకా పద్ధతైన మనుషులు. 1786లో కలకత్తాలో దిగేసరికి విలియంకు పదహారేళ్లు. మొదటి రెండేళ్లూ కలకత్తా దృశ్యాలు పన్నెండు అచ్చువేసి ఖర్చులకు కూడబెట్టుకున్నారు. ఆ పనిలో స్థానిక పనివాళ్ల సాయం తీసుకున్నారు. 1788లో గంగ మీద బయలుదేరి హరిద్వారం దాటి గఢ్వాల్ శ్రీనగర్ దాకా వెళ్లారు. వెంట హాడ్జెస్ అచ్చులు పెట్టుకుని, అతను గీసిన చోటల్లా ఆగి, అతని గీతలో తప్పులు పట్టడం వాళ్లకు ఒక సరదా. వాళ్ల దగ్గర కెమెరా అబ్స్‌క్యూరా ఉండేది. చీకటి పెట్టెకు ఒక కటకం, లోపల ఒక అద్దం. ఎదుటి దృశ్యం కాగితం మీద పడుతుంది, పెన్సిలుతో దాని అంచులు గీసుకుంటే చాలు. మినారు ఎత్తు, మెట్ల వరస, కమాను వంపు తప్పిపోవు. లండన్ తిరిగి వెళ్లాక ఆ గీతల నుంచి 1795–1808 మధ్య 144 ఆక్వాటింట్ అచ్చులు తీశారు. రాగిరేకు మీద గుగ్గిలంలాంటి పొడి చల్లి, వేడి చేసి అంటించి, ఆమ్లంతో కొరికిస్తే రేకు మీద సన్నని గరుకు ఏర్పడుతుంది. అది సిరాను పట్టి నీటిరంగులాంటి నీడలిస్తుంది. ఆ తరువాత ప్రతి కాగితానికీ చేత్తో రంగు వేస్తారు.

నడుస్తున్న మనిషిని మాత్రం పెట్టె పట్టలేదు. గిన్నె తోముకునే ఆడమనిషి, నీళ్లలో నిలబడి సంధ్య వార్చే బ్రాహ్మణుడు, పడవ నెట్టే కుర్రవాడు వేర్వేరు చోట్ల వేసుకున్న చిన్న బొమ్మల్లోంచి తరువాత వచ్చి చేరే అవకాశం ఎక్కువ. ఆ ఘాట్ మనిషి ఆ ఘాట్‌లోనే ఉన్నాడన్న హామీ లేదు. అందుకే నా మట్టుకు నేను డానియెల్ బొమ్మల్లో రాయిని నమ్ముతాను, మనుషులను నమ్మను. వాస్తు చరిత్ర రాసేవాళ్లకు అవి నిధి. బతుకు చరిత్ర రాయాలంటే మరో చోట వెతకాలి.

ఆ మరో చోటు కలకత్తాలోనే, అదే కాలంలో ఉంది. బాల్తజార్ సాల్విన్స్ ఇప్పటి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ వాడు. ఓడల బొమ్మలు వేయడం అతని మొదటి వృత్తి. 1791లో పెద్ద పరిచయాలేవీ లేకుండా కలకత్తా చేరాడు. దొరల బళ్లకు, పల్లకీలకు రంగులు వేసి బతికాడు. తరువాత కులాలు, వృత్తులు, వాద్యాలు, బళ్లు, పల్లకీలు, పడవలు, పండుగలు వరసపెట్టి 250 లోహఫలకాల మీద చెక్కి 1790ల చివర అచ్చువేశాడు. కొనేవాళ్లు కరవయ్యారు. మందమైన గీతలు, మురికి రంగులు. దొరసానుల గదిగోడలకు పనికొచ్చే అందం వాటిలో లేదు. లండన్‌లో ఒక ప్రచురణకర్త వాటిలో అరవైని అనుమతి లేకుండా తీసుకుని, మనుషుల్ని కాస్త అందంగా మార్చి, లేత రంగులు పూసి అమ్మితే అవి బాగా అమ్ముడుపోయాయి. సాల్విన్స్ పారిస్ వెళ్లి 1808–1812 మధ్య నాలుగు సంపుటాలుగా మళ్లీ వేశాడు. ఆ ప్రయత్నంతో కూడా చేతులు కాలాయి.

కానీ అతని పడవలు చూడండి! ఓడ తెలిసినవాడు గీసిన పడవ అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. పటేలా ఉంది. అడుగు చదునుగా ఉండే సరుకు పడవ, దాని పక్క పలకలు ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. లోతు తక్కువైన ఇసుక మేటల మీద నడవడానికే ఆ చదును అడుగు. బజ్రా ఉంది. అమరం వైపు గదులు, కిటికీలకు చెక్కపలకల తెరలు, అణియం వైపు తెడ్లు వేసేవాళ్లు. అందులో ప్రయాణించేది దొరలు, జమీందార్లు. అణియం నెమలి తలలా చెక్కిన మయూర్‌పంఖీ ఉంది. అది విలాసానికి. చుక్కాని ఎంత పెద్దదో, దాన్ని ఎక్కడ కట్టారో, తాడు ఏ కొయ్య నుంచి ఎటు పోయిందో, సరంగు ఏ మంచె మీద నిలబడ్డాడో అన్నీ లెక్కగా ఉన్నాయి. చెక్కపడవలు గంగ మీద నుంచి ఒక్కొక్కటిగా మాయమైపోతున్న ఈ రోజుల్లో వడ్రంగుల పనితనం మీద పరిశోధించేవాళ్లు తిరిగి తిరిగి సాల్విన్స్ దగ్గరికే వస్తున్నారు. గోదావరి మీద రాచపడవలు, ధాన్యం పడవలు తిరిగిన కాలం నుంచి మనకు ఇలాంటి పుస్తకం ఒక్కటి మిగిలి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు.

ఇంతవరకు చెప్పినవాళ్లంతా బయటివాళ్లు. సీతారాం బెంగాలీ. అతని గురించి మనకు తెలిసింది పేరు, పని, అంతే. 1814 జూన్‌లో గవర్నర్ జనరల్ లార్డ్ మోయిరా పైప్రాంతాల పర్యటనకు బయలుదేరాడు (తరువాత హేస్టింగ్స్ బిరుదు పొందాడు, వారెన్ హేస్టింగ్స్‌తో కలిపేయకండి). భార్యాపిల్లలు, గుమస్తాలు, అంగరక్షకులు, వంటవాళ్లు, గుర్రాలు, అన్నీ కలిపి 220 పడవలని ఆయన దినచర్యలోనే రాసుకున్నాడు. ఆ పడవల్లో ఒకదానిలో సీతారాం ఉన్నాడు. పదిహేడు నెలల ఆ ప్రయాణంలో పుట్టిన పెద్ద నీటిరంగు చిత్రాలు పది ఆల్బముల నిండా ఉన్నాయి, దాదాపు 230. అవి చాలాకాలం ఆ కుటుంబం ఇంట్లోనే ఉండిపోయాయి. 1995లో బ్రిటిష్ లైబ్రరీ కొన్నాక గానీ సీతారాం ఎంతటివాడో లోకానికి తెలియలేదు.

ముర్షిదాబాదు చిత్రకారుల సన్నని కుంచెపని, ఇంగ్లీషు నీటిరంగు దృశ్యాల విశాలత రెండూ అతని చేతిలో కలిశాయి. ఆకాశానికి సగం కాగితం వదిలేస్తాడు. పాట్నా నదీతీరం ఇళ్లనూ, రేవులో పడవలనూ, 1786లో కట్టిన గోల్‌ఘర్ గాదెనూ, దారిపొడుగునా శిథిలమైన నవాబుల మేడలనూ గీశాడు. డబ్బిచ్చింది లాట్‌సాహెబు కనుక, చూడవలసిన చోట్లు ఏవో నిర్ణయించింది కూడా లాట్‌సాహెబు పరివారమే. అయినా అతని బొమ్మల్లో మనుషులు ఖాళీ నింపడానికి పెట్టినట్టు ఉండరు. ఎవరు ఎక్కడ కూర్చుంటారో, బరువు ఏ భుజాన మోస్తారో తెలిసినవాడి గీత అది. మెచ్చుకోలుకు ఆయన యజమాని ఏం రాశాడో అని దినచర్య వెతికితే నిరాశే. అంత దూరం వెంట తిరిగిన చిత్రకారుణ్ణి ఆయన పెద్దగా పట్టించుకున్నట్టు కనబడదు.

గంగ మీద బొమ్మల బజారు ఎక్కడుందంటే పాట్నాలో ఉంది. ముర్షిదాబాదు నవాబుల వైభవం తగ్గాక అక్కడి చిత్రకారుల కుటుంబాలు 18వ శతాబ్దపు రెండో సగంలో పాట్నా చేరాయి. పాట్నా కలం అని పేరు పడ్డ శైలి వాళ్లదే. సేవక్ రామ్, హులాస్ లాల్, శివలాల్ అందులో తెలిసిన పేర్లు. కంపెనీ ఉద్యోగులు ఇంటికి పంపడానికి కట్టలుగా కొనేవారు: చేపలమ్మే మనిషి, గాజులమ్మే మనిషి, కల్లు గీసేవాడు, బోయీలు, కసాయివాడు. ఒక్కో కాగితం మీద ఒక్కో వృత్తి, వెనక ఏమీ ఉండదు. కొన్ని అభ్రకం రేకుల మీద వేసేవారు, అద్దంలా మెరుస్తాయని. ఈ ఖాళీ నేపథ్యం గమనించదగ్గది. చేపలమ్మే మనిషికి నది ఉండదు, బేరమాడే మనిషి ఉండడు, పక్కన బుట్ట తప్ప మరే లోకమూ ఉండదు. కొనేవాడికి కావలసింది నమూనా కనుక చిత్రకారుడు నమూనానే ఇచ్చాడు. ఆ తరువాత తరంలో సర్కారు ప్రజలను జాతుల వారీగా ఫొటోలు తీయించి సంపుటాలు వేసినప్పుడు కూడా ఇదే పద్ధతి కొనసాగింది.

అదే పాట్నాలో 1820లలో చార్లెస్ డాయ్లీ అనే దొర ఉండేవాడు. పొద్దస్తమానం బొమ్మలు గీసేవాడు, స్నేహితులతో కలిసి చిత్రకళా సంఘం పెట్టాడు, ఇంట్లో రాతి అచ్చు యంత్రం పెట్టి జయరామ్ దాస్ అనే స్థానిక చిత్రకారుణ్ణి పనిలో పెట్టుకున్నాడు. చేసే ఉద్యోగం మాత్రం కంపెనీ వారి నల్లమందు ఏజెంటు. గంగా మైదానంలో రైతుల చేత గసగసాలు వేయించి, ఆ పాలను పాట్నాలో ముద్దలు కట్టించి, పెట్టెల్లో పెట్టి, గంగ మీద కలకత్తాకు దించి, వేలం వేసి, చైనాకు పంపేవారు. నదీతీర జీవితం అంటే మనకు స్నానాలు, దీపాలు, చితులు గుర్తొస్తాయి. ఆ శతాబ్దంలో గంగ మీద నడిచిన అతి పెద్ద వ్యాపారాల్లో ఒకటి ఇది. దాని బొమ్మలు కూడా ఉన్నాయి. కెప్టెన్ వాల్టర్ షెర్విల్ 1850 ప్రాంతంలో గీసిన రాతి అచ్చుల్లో పాట్నా గిడ్డంగి లోపల నేల నుంచి పైకప్పు దాకా అరలు, అరల నిండా నల్లమందు గుండ్లు కనిపిస్తాయి. మరో బొమ్మలో అదే సరుకుతో కలకత్తాకు దిగిపోతున్న పడవల బారు. శివలాల్ కూడా ఈ తయారీ మొత్తాన్ని వరసగా గీశాడు. గిడ్డంగి అధికారి డాక్టర్ లయల్ వాటిని గోడచిత్రాలుగా వేయించాలనుకున్నాడు. 1857 జులైలో పాట్నాలో తిరుగుబాటుదారుల చేతిలో లయల్ చనిపోవడంతో గోడలు ఖాళీగా మిగిలాయి, శివలాల్ అభ్రకం బొమ్మలు మిగిలాయి. ఘాట్ల సూర్యోదయాలు ఎన్ని చూసినా తెలియని సంగతి వీటిలో ఉంది: నది ఎవరి లాభానికి ప్రవహించింది అన్నది.

కాశీకి తిరిగి వస్తే, అక్కడ 1820–1830 మధ్య టంకశాలలో లోహపరీక్షకుడిగా ఉన్న జేమ్స్ ప్రిన్సెప్ ప్రస్తావన తప్పదు. తరువాత 1837లో అశోకుడి బ్రాహ్మీ లిపిని చదివి పేరు పొందినవాడు ఇతనే. కాశీలో ఉండగా నగర పటం గీశాడు, మురుగునీరు పోవడానికి సొరంగం తవ్వించాడు, నేను మొదట చెప్పిన మినార్లు ఒరిగిపోతుంటే మరమ్మతు చేయించాడు, ఇంటింటి లెక్క తీయించాడు. అంతకుముందు ఊరి జనాభా అయిదారు లక్షలని అనుకునేవారు. ఇతని లెక్కలో లక్షా ఎనభై వేల దగ్గర తేలింది. ఇలా కొలిచే అలవాటున్నవాడు గీసిన కాశీ బొమ్మలు 1830ల మొదట్లో అచ్చయ్యాయి. గ్రహణ స్నానానికి కిక్కిరిసిన ఘాట్లు, హోలీ తరువాత వచ్చే బుఢ్వా మంగళ్ పడవల సంబరం వాటిలో ఉన్నాయి. పడవలు ఒకదానికొకటి కట్టి, తివాచీలు పరచి, రాత్రంతా పాటకచేరీలు చేసే ఆ పండుగ 20వ శతాబ్దంలో అణగారిపోయింది. అది ఎలా జరిగేదో ఊహించుకోవడానికి ప్రిన్సెప్ లాంటివాళ్ల బొమ్మలే దిక్కు.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక అదృష్టం ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీ వెళ్లాడు. 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒక్కటే అనుకునే రోజులవి. ఆయన మజిలీ మజిలీకీ దారి ఎలా ఉంది, నీళ్లు ఎలా ఉన్నాయి, బియ్యం ఏ ధర, ఏ ఊళ్లో ఏ కులాలవాళ్లున్నారు అన్నీ రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి పంపాడు. అవి 1838లో ‘కాశీయాత్రచరిత్ర’గా అచ్చయ్యాయి. ప్రిన్సెప్ బొమ్మను ఒక పక్క, వీరాస్వామయ్య పేజీని మరో పక్క పెట్టుకుని చూస్తే రెండూ ఒకదాని లోటు ఒకటి తీరుస్తాయి. బొమ్మలో ఘాట్ మీద గుంపుగా కనిపించేవాళ్లు ఏ దేశం నుంచి వచ్చారో, ఎవరికి ఎంత దక్షిణ ఇచ్చారో, ఎక్కడ బస చేశారో వచనంలో ఉంటుంది. యాత్రికుల చేత తీర్థకర్మలు చేయించే గంగాపుత్రులు, పండాలు ప్రిన్సెప్‌కు దృశ్యం, వీరాస్వామయ్యకు రోజువారీ బేరం.

యాత్రికుల కోసం యాత్రికులే చేసుకున్న బొమ్మలు ఎలా ఉండేవో తెలియాలంటే 1876లో కైలాసనాథ సుకుల అచ్చువేసిన ‘కాశీదర్పణం’ చూడాలి. అది పటం. అందులో కాశీ గుండ్రంగా ఉంటుంది, గుడులు వరుసలు కట్టి ఉంటాయి, గంగ పక్కనుంచి సాగుతుంది. ప్రిన్సెప్ పటంతో పోలిస్తే దూరాలన్నీ తప్పు. కానీ ఏ గుడి తరువాత ఏ గుడికి పోవాలి, ఏ ప్రదక్షిణ ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్నకు ప్రిన్సెప్ పటంలో జవాబు దొరకదు, ఇందులో దొరుకుతుంది. పాతకాలపు గంగ అనగానే ఇలాంటి వాటిని పక్కనపెట్టి నీటిరంగు దృశ్యాలే ప్రదర్శనల్లో పెట్టడం నాకు నచ్చని సంగతి.

ఇక ఫొటోలు. గీత అబద్ధం చెప్పవచ్చు, ఫొటో చెప్పదు అని చాలామంది నమ్మకం. శామ్యూల్ బోర్న్ పని చూస్తే ఆ నమ్మకం సడలుతుంది. 1863లో వచ్చి 1870లో వెళ్లిపోయిన బోర్న్ వాడింది తడి పలక పద్ధతి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రావణం పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, ఆరకముందే కెమెరాలో పెట్టి, ఆరకముందే చీకటి గుడారంలోకి తెచ్చి కడగాలి. మన ఎండల్లో ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది? పెట్టెలు, సీసాలు, గాజు పలకలు, గుడారం మోయడానికి కూలీలు పదుల్లో కావాలి. 1866లో ఆ సరంజామా అంతా హిమాలయాల్లో మోయించుకుని గోముఖం దాకా వెళ్లి గంగ పుట్టిన మంచుగుహను ఫొటో తీశాడు. ఆ కూలీల వీపుల మీద మోసిన బరువు ఫొటోలో కనిపించదు.

వెలుతురు లోపలికి వెళ్లడానికి కొన్ని సెకన్లు పట్టేది. అంతసేపట్లో పారే నీరు నున్నని పాలతెరలా మారిపోతుంది. మునక వేసి లేచిన మనిషి మసక చారవుతాడు. నడిచి వెళ్లిపోయినవాడు అసలే ఉండడు. కొలోడియన్‌కు నీలం రంగు మరీ ఎక్కువగా తగులుతుంది కనుక నీలాకాశం కాగితం మీద తెల్లగా, ఖాళీగా వస్తుంది. అందువల్ల 1860ల ఘాట్ల ఫొటోల్లో కనిపించే ఆ నిర్జనత్వం, ఆ ప్రశాంతత ఊరివి కావు, రసాయనాలవి. పోనీ మనుషులను నిలబెట్టి తీద్దామంటే, వాళ్లు చేతులు బిగించి, గడ్డం పైకెత్తి, గొంతు కోయించుకోవడానికి నిలబడ్డట్టు నిలబడతారని బోర్న్ తన వ్యాసాల్లో విసుక్కున్నాడు. కదిలితే బొమ్మ పాడవుతుందని హెచ్చరించింది ఎవరు మరి? 1880లలో పొడి పలకలు, ఆ వెంటనే చేతి కెమెరాలు వచ్చాక గానీ గంగ ఒడ్డున జనం ఫొటోల్లోకి కదలికతో రాలేదు.

వచ్చాక ఏం జరిగింది? మణికర్ణికలో చితుల ఫొటోలు పోస్టుకార్డులై అమ్ముడుపోయాయి. ఒకే కోణం, ఒకే పొగ, కింద ఒకే శీర్షిక. చాకిరేవు, చేపల వల, పడవ మరమ్మతు, పుచ్చకాయల సాగు వేసే ఇసుక లంక, వరద తగ్గాక మెట్ల మీది బురద ఎత్తిపోసే మనుషులు ఆ కార్డుల్లో అరుదు. చావును చూడటానికి వచ్చేవాడి జేబు వాటిని అడగలేదు మరి. ఇప్పుడు మణికర్ణికలో కెమెరా తీస్తే, చితుల పని చూసే డోములు అడ్డుపడతారని విసుక్కునేవాళ్లు ఈ చరిత్ర కూడా ఒకసారి తెలుసుకోవాలి.

20వ శతాబ్దంలో ఇద్దరిని మాత్రం తలచుకుంటాను. 1960లో తోటి చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్‌తో కలిసి కాశీ వెళ్లిన రామ్ కుమార్ ఆ ఊరిని మనుషులు లేకుండా గీశాడు. బోర్న్ ఫొటోల్లో మనుషులు లేకపోవడం పనిముట్టు చేతకానితనం. రామ్ కుమార్ కాన్వాసుల్లో అది ఎంచుకున్న మౌనం. ఊరు గోధుమ, బూడిద రంగుల పలకలుగా విడిపోయి నది మీద వాలి ఉంటుంది. రఘుబీర్ సింగ్ దానికి పూర్తిగా ఎదురు. ఫొటో కళ అంటే నలుపు తెలుపే అని గొప్పవాళ్లంతా అనుకునే కాలంలో ఆయన రంగుల ఫిల్ముతో గంగ వెంట ఏళ్లతరబడి తిరిగాడు. 1967లో బిహార్‌లోని ముంగేర్‌లో తీసిన ఫొటోలో వానకు తడిసి ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డ ఆడవాళ్లు ఉన్నారు. తడి చీరలు ఒంటికి అంటుకుపోయాయి. తీసినవాడు పడవలో లేడు, మేడ మీద లేడు, వాళ్లకు నాలుగడుగుల్లో అదే వానలో ఉన్నాడు. హాడ్జెస్ పడవ కూడా ఆ ముంగేర్ కోట కిందనుంచే వెళ్లింది.

పేర్ల సంగతి ఒకటి మిగిలింది. మ్యూజియం జాబితాల్లో దొరల పేర్లు పూర్తిగా, బిరుదులతో సహా ఉంటాయి. మన చిత్రకారుల దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల ‘పాట్నా చిత్రకారుడు’ అని మాత్రమే ఉంటుంది. సేవక్ రామ్, హులాస్ లాల్, శివలాల్ అన్న పేర్లు మనకు ఈరోజు తెలుస్తున్నాయంటే అందుకు కారణం శివలాల్ వంశంలోని ఈశ్వరీ ప్రసాద్ వర్మ. కలకత్తా ప్రభుత్వ కళాశాలలో బొమ్మలు నేర్పి, ముసలితనంలో పాట్నా చేరిన ఆయన తన ఇంటివాళ్ల పేర్లు, ఎవరు ఎవరి శిష్యులో, రంగులు ఎలా నూరేవారో గుర్తుపెట్టుకుని కళాచరిత్రకారిణి మిల్డ్రెడ్ ఆర్చర్‌కు చెప్పాడు. ఆమె 1940ల చివర అచ్చువేసిన చిన్న పుస్తకమే ఆ చరిత్రకు మూలం. సీతారాంకు అలా గుర్తుపెట్టుకున్న మనవడెవరూ లేడు. పడవలు లాగిన కళాసుల పేర్లు అడిగినవాళ్లే లేరు.